రేపటి ముచ్చట

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా అమ్మ వరంగల్ దవాఖానలోనే ఉంది. నాయిన ఆమె దగ్గరే ఉండిపోయాడు. తొర్రూరులో మా కిరాణా దుకాణం వెనకనున్న ఇంట్లో నేనూ, మేనత్తా, తాతా మిగిలాం. చిన్నపిల్లకు దవాఖాన ఎందుకని నన్ను తీసుకుపోలేదు.

అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉండేది. "రేపో ఎల్లుండో వస్తది" అనేది అత్త. పక్కింటి అక్కయితే దేవుడి మీద ఒట్టేసేది. ఆ రేపటి కోసం నేను అరుగు మీద కూర్చునేదాన్ని. బస్సులు వచ్చేవి, పోయేవి. ఇంట్లో మనుషులున్నా ఆ ఎదురుచూపులో నాకు తోడెవరూ లేరనిపించేది.

తాత రోజూ పొద్దున అన్నం క్యారేజీ పట్టుకుని వరంగల్ బస్సెక్కి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఒకనాడు ఆయన్నే అడిగాను.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల పెరుగన్నం తిన్నది. నీకు జడ ఎవరేస్తున్నరని అడిగింది. గంతవరకు నేను చూసిన, విన్న. రేపటి ముచ్చట డాక్టరుకే తెల్వదంట, నాకెట్ల తెలుస్తది?"

నాకు చాలా కోపం వచ్చింది. ఆ పూట అన్నం తినలేదు. కానీ మరుసటి రోజు నుంచి నేను కనిపెట్టుకుని కూర్చున్నది తాత కోసమే. లేచి కూర్చుందనో, నవ్విందనో, ఆయన చూసినంతే చెప్పేవాడు.

ఒక సాయంత్రం చెప్పులు విప్పకుండానే నా పక్కన కూలబడ్డాడు. "ఇయ్యాల ఏం తినలే. నన్ను గుర్తువట్టలేదనిపించింది," అన్నాడు.

"పిల్లకు గవన్నీ ఎందుకు బాపు? నాలుగు దినాలల్ల లేచి తిరుగుతది" అంది అత్త లోపల్నుంచి.

నేను తాత మాటే నమ్మాను. నన్నూ తీసుకుపొమ్మన్నాను.

మర్నాడు తీసుకెళ్ళాడు. అమ్మ మాట్లాడలేదు. మధ్యాహ్నమంతా ఆమె చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చున్నాను. ఒకసారి వేళ్ళు కదిలాయి. నన్ను గుర్తుపట్టే కదిలాయో లేదో ఇప్పటికీ చెప్పలేను.

వారం తిరగకముందే అమ్మ పోయింది. లేచి వస్తుందనే అనుకున్నామంటూ అత్త కుమిలి కుమిలి ఏడ్చింది. వాళ్ళు నన్ను మోసం చేశారని అనను. ఆశపడ్డారు, ఆ ఆశనే తెలిసిన సంగతిలా చెప్పారు. అదే నమ్ముకుని అరుగు మీదే ఉండిపోతే నాకు ఆ మధ్యాహ్నం దక్కేది కాదు.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నయ్యాను. ఎవరైనా ఏదైనా ఖాయమని చెబితే, చూశారా, విన్నారా, అనుకుంటున్నారా అని మనసులోనే అడుగుతాను. దానివల్ల నలుగురిలో కాస్త ఒంటరిగానే మిగిలాను. మనవరాలితో "నాకు తెలియదు" అని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం దూరం నుంచి చెప్పను. పక్కన కూర్చుని, తెలిసినంతా చెప్పి, ఆ తర్వాత కూడా అక్కడే కూర్చుంటాను.