టీచరమ్మ నక్షత్రంలో నూట పద్నాలుగో మూలకం

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, ఇరవై రెండేళ్లవాడికి ఉద్యోగం దొరికితే లోకం తనకోసమే ఆగి ఉందనిపించేది. నాకు ఇంకాస్త ఎక్కువే అనిపించింది. నెల్లూరులో ఒక కాలేజీ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరిన మూడో నెలలోనే, అప్పటిదాకా ఎవరూ చూడనిదాన్ని చూశాను (చూశాననుకున్నాను. ఈ రెంటికీ తేడా తెలియడానికి ఒక రోజు పట్టింది).

మా డాక్టరుగారు మందులిచ్చే డాక్టరు కాదు, భౌతికశాస్త్రం ఆచార్యులు. యురేనియం కంటే ఎంతో బరువైన మూలకం, నూట పద్నాలుగోది, భూమిలో ఎక్కడైనా మిగిలి ఉందేమోనని అప్పట్లో దేశదేశాలవాళ్లు వెతుకుతుండేవారు. అలాంటి పరమాణువు పగిలితే దాని ముక్కలు అభ్రకంలో సన్నని గాడి చేసుకుంటూ పోతాయి. ఆమ్లంలో నానబెడితే ఆ గాడి మైక్రోస్కోపుకు కనబడుతుంది. యురేనియం గాడి పొట్టిది, బరువైనదాని గాడి పొడుగ్గా ఉండాలి. గూడూరు గనుల అభ్రకాన్ని పొరలుగా చీల్చి, గాజును సైతం తినేసే ఆమ్లంలో ముంచి, కళ్లు పీకేదాకా చూడటం నా పని. డిసెంబరులో ఒక ఉదయం, పొట్టి గాళ్ల మధ్య పొడుగాటిది ఒకటి కనబడింది.

డాక్టరుగారు మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. లేస్తూనే నా వైపు చెయ్యి చాపారు.

“రెండో పొర ఎక్కడయ్యా?”

గాడి నిజమైనదైతే, చీల్చినప్పుడు విడిపోయిన రెండు ముఖాల మీదా అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ఒకదాని మీదే ఉంటే అది వట్టి గీత.

“రూములో ఉంది సార్” అన్నాను.

“రేపు నాలుగింటికి బొంబాయి అణుశాస్త్రజ్ఞులకు టెలిగ్రాం ఇస్తా. ఈలోగా పట్టుకురా.”

రూములో లేదు. ఒక ముఖం చూస్తే చాలదా అనుకుని, అరచేయంత ఆ పొరను వారం కిందటే మా ఇంటి ఓనరు టీచరమ్మకు ఇచ్చేశాను. క్రిస్మస్ నక్షత్రానికి నడిమధ్య అతికిస్తే దీపం భలే మెరుస్తుందని ఆమె మురిసిపోయింది. ఆ నక్షత్రంతో సహా ఆమె కోట అనే ఊరికి అవతల, సముద్రం ఒడ్డునున్న సొంతూరికి వెళ్లిపోయింది.

మర్నాడు తొలి బస్సుకే కోటలో దిగి, సరుగుడు తోపుల మధ్య ఇసుకలో పరుగులాంటి నడక నడిచాను. దీపం వేడికి గాళ్లు చెరిగిపోతాయని డాక్టరుగారు ఎప్పుడో అన్నట్టు గుర్తు. (అందుకు కొలిమంత వేడి కావాలని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే కాస్త మెల్లగా నడిచేవాణ్ణి.) ఆమె ఊళ్లో చర్చి కప్పు మీద వెదురుబొంగుకు నక్షత్రం వేలాడుతోంది. లోపల ఆడవాళ్లు పాటలు సాధన చేస్తున్నారు. బయట ఎవరూ లేరు. గోడకు నిచ్చెన ఉంది. అడిగితే నా అబద్ధం నలుగురికీ తెలుస్తుంది. ఎక్కేశాను.

సగంలో ఉండగా పాట ఆగింది.

“ఎవురయ్యా పైన?” కింద పాస్టరుగారు, ఆయన వెనక టీచరమ్మ.

“మా ఇంట్లో అద్దెకుండే అబ్బాయి అయ్యగారూ! ఏందబ్బయ్యా, ఇచ్చినోడివి నువ్వే, మళ్లా పెరుక్కునేదానికి వచ్చినావా?”

“దీపం పెట్టేశారా?” అన్నాను నిచ్చెన మీదనుంచే.

“ఇంకా పెట్టలా. ముందు దిగు, ఆ మెట్టు ఇరిగుండాది!”

దిగి, ఒగరుస్తూ అంతా చెప్పాను. పాస్టరుగారు శ్రద్ధగా విన్నారు.

“నూట పద్నాలుగోదా? ముందరి నూట పదమూడూ దొరికినాయా?”

“నూట మూడు దాకా దొరికాయండీ.”

“మధ్యలో పదింటిని వదిలేసి దీని ఎనకబడినారా!” అని ఆయన పంచె ఎగ్గట్టి, తానే నిచ్చెన ఎక్కి నక్షత్రాన్ని దించారు. టీచరమ్మ అంచుల వెంబడి బ్లేడుతో కోసి పొరను నా చేతిలో పెట్టింది. ఆ ఖాళీలో ఎర్ర కాగితం అతికిస్తూ మాత్రం నా వైపు చూడలేదు.

ప్రయోగశాలకు చేరేసరికి మూడు. ఆమ్లంలో నలభై నిమిషాలు నానాలి. డాక్టరుగారు, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన జేబులో టెలిగ్రాం కాగితం అంచు కనబడుతోంది. నా గుండె చప్పుడు ఆయనకు వినబడుతోందని నమ్మాను.

పొరను కడిగి మైక్రోస్కోపు కింద పెట్టారు. మొదటి పొర మీది పొట్టి గాళ్లన్నీ ఒక్కొక్కటిగా రెండోదాని మీద బయటపడ్డాయి, కవల పిల్లల్లా. పొడుగాటిది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆయన మూడుసార్లు చూశారు.

“పొరలు విడదీసిందెవరు?”

“నేనే సార్. సూదితో.”

“సూది జారినట్టుంది.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొర అంచు గోకి, “రూములో ఉందన్నావే, ఈ మైదా జిగురేందయ్యా?” అన్నారు.

చెప్పేశాను. నక్షత్రం, నిచ్చెన, నా అబద్ధం, అన్నీ. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన టెలిగ్రాం కాగితం తీసి, వెనకవైపు ఖాళీగానే ఉందని చూసుకుని, మర్నాటి పనులు రాసుకోవడం మొదలుపెట్టారు. రాస్తూనే అన్నారు: “నిన్ననే చెప్పుంటే నేనూ వచ్చి నిచ్చెన పట్టుకునేవాణ్ణి గదయ్యా.”

ఎన్నో ఏళ్లకు ఆ మూలకాన్ని ఎక్కడో యంత్రాల్లో తయారుచేశారని పేపర్లో చదివాను. రాళ్లలో మాత్రం ఎవరికీ దొరకలేదట. ఇరవై రెండేళ్లప్పటి నా మీద, ఆ కుర్రాడి మీద, కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. లోకం మారబోతోందని నమ్మి, నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు వాడు. అంత గొప్ప భయం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ కాస్త అసూయగానే ఉంటుంది.