సోఫాలో దొరికిన సామాను

ఆ వీధిలో అందరూ ఆయన్ని మేకుల తాత అనేవారు. పాత సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డ వేసే పని ఆయనది. సన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చి, ఎడమచేత్తో అందుకుని కుడిచేత్తో సుత్తి వేసేవాడు. చెయ్యి నోటి దగ్గరికి ఎప్పుడు వెళ్ళిందో, చెక్క మీదికి ఎప్పుడు వచ్చిందో కనబడేది కాదు. నోట్లో మేకులుంటాయి కాబట్టి ఆయన మాట్లాడడని వీధిలోవాళ్ళు అనుకునేవారు. మాట్లాడడం తప్పించుకోవడానికే మేకులు పెట్టుకుంటాడని ఇంట్లో అత్తయ్య అనేది. ఏది నిజమో కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి అర్థమయ్యేది కాదు.

ముందు గది కొట్టు, వెనకవి ఇంటి గదులు. మధ్యలో ఒకే తలుపు, అదీ ఎప్పుడూ తెరిచే ఉండేది. కొబ్బరి పీచు నలుసులు అన్నం కంచాల దాకా వచ్చేవి. కోడలు మొదట గుడ్డలు కత్తిరించి ఇచ్చేది. తరవాత కుట్టుమిషను ముందు కూర్చుంది. కొన్నాళ్ళకు ఆమె వేసిన కుట్టును మామయ్య వేలితో తడిమి, ఏమీ అనకుండా ముందుకు వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. అదే మెచ్చుకోలని భర్త చెప్పాడు. అతను ఆ కొట్టు వ్యాను నడిపేవాడు. తండ్రి మౌనాన్ని విడమరిచి చెప్పడం కూడా అతని ఉద్యోగంలో భాగమే.

ఆ కొట్టుకు ఒక పద్ధతి ఉండేది. పాత సోఫాను తిరగేసి అడుగు గుడ్డ చింపినప్పుడు ఏవేవో రాలుతాయి. దువ్వెనలు, తాళంచెవులు, చెవిదిద్దులు, పెన్నులు, ఎప్పటివో బిస్కెట్ ముక్కలు. మామయ్య బిస్కెట్ ముక్కలు తప్ప మిగతావన్నీ ఒక రేకుడబ్బాలో వేసి, సోఫాతోపాటు తీసుకెళ్ళి, యజమాని ఎదుట ఒక్కొక్కటే బయటపెట్టేవాడు. బొత్తామైనా సరే. కొందరు నవ్వేవారు. ఒకసారి ఒకావిడకు ఆ డబ్బాలోంచి చిన్న పాలపన్ను తీసి ఇచ్చాడట. ఆవిడ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, వీళ్ళు వ్యాను ఎక్కేదాకా ఆ గుప్పిట విప్పలేదట. ఏది ఎవరికి ఎంత విలువో మనమెట్లా చెప్తాం అన్నది మామయ్య లెక్క. అది కూడా ఆయన అనలేదు, కొడుకే చెప్పాడు.

ఈత నేర్పే మేడమ్‌గారి సోఫా వచ్చింది ఆ తరవాతే. ఆవిడ వయసు మళ్ళి ఉద్యోగం మానేసిన మనిషి. ఇంటికప్పు కారుతోందని మరమ్మతు పెట్టించి, సామానంతా పెరట్లో రేకుల షెడ్డులోకి చేర్పించి, చెల్లెలింటికి వెళ్ళిపోయింది. సోఫా చాలాకాలం ఆ షెడ్డులోనే ఉంది. కోడలూ మామయ్యా కొట్టులో దాన్ని తిరగేసేసరికి అడుగు గుడ్డ అప్పటికే చిరిగి వేలాడుతోంది. మామయ్య అలవాటు కొద్దీ లోపలికి చెయ్యి పోనిచ్చి, ఒక్కసారిగా ఆగిపోయాడు. నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు. ఆయన అలా ఉమ్మేయడం కోడలు ఎన్నడూ చూడలేదు.

స్ప్రింగుల మధ్య నుంచి, పీచు అంటుకున్న ఒక కుక్కపిల్లను బయటికి తీశాడు. మట్టిరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి, ఒకటి వాలిపోయి ఉంది. కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. అది ఆవలించింది, తనను ఎవరో అనవసరంగా నిద్రలేపినట్టు.

భర్త ఆ సాయంత్రమే వ్యాను వేసుకుని ఆ షెడ్డు దగ్గరికి వెళ్ళి వెతికాడు. తల్లి కుక్క మిగతా పిల్లలను ఎక్కడికో మార్చేసింది. చుట్టుపక్కల వాళ్ళను అడిగినా ఆచూకీ దొరకలేదు. ఇది సోఫాలోకి దూరి నిద్రపోయి తప్పిపోయి ఉంటుంది.

కోడలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె పెరిగిందంతా అద్దె గదుల్లో. ఏ ఇంటివాళ్ళయినా మొట్టమొదట అడిగేది కుక్కా పిల్లీ ఏమీ లేవు కదా అనే. చిన్నప్పుడు ఎదురింటి కుక్కకు కిటికీలోంచి చెయ్యి ఊపడమే తప్ప, ఒకదాన్ని ఇలా పట్టుకుని ఎరగదు. ఇప్పుడు ఒళ్ళో వెచ్చగా, బరువంటూ లేకుండా అది ఊపిరి తీస్తుంటే ఆమెకు కదలాలనిపించలేదు.

మామయ్య ఆమె వంక చూశాడు. కుక్కపిల్ల వంకా చూశాడు.

"మేడమ్‌గారి సోఫాలో దొరికింది. ఆవిడ సామాను," అన్నాడు. "సోఫాతో వెళ్తుంది. పేరు గీరు పెట్టొద్దు."

కోడలు భర్తను పక్కకు పిలిచింది. ఫోన్ చేసి మేడమ్‌గారిని అడిగేస్తే పోతుంది కదా అని భర్తచేత చెప్పించింది. మామయ్య తల అడ్డంగా ఊపాడు. చూడకుండా ఫోన్లో అడిగితే ఎవరైనా వద్దనే అంటారు, కళ్ళారా చూశాక అనాలి, చూడనివ్వకుండా వద్దనిపించడమంటే దాచుకోవడమేనని ఆయన వాదన. ఇంతకన్నా చిన్న వస్తువులకే అంత పట్టింపు ఉన్న మనిషిని ఇంకేమని ఒప్పిస్తారు? తానే వెళ్ళి అడుగుదామని కోడలికి తోచలేదు. నిజానికి ఆ ఇంట్లో ఆమె అడిగి తెచ్చుకున్నది ఏదీ లేదు. కావలసినవి అడక్కుండానే అమరిపోయాయి, దాంతో అడగడం అలవాటు కాలేదు.

పేరు పెట్టొద్దన్నారు కాబట్టి అత్తయ్య దాన్ని సామాను అనే పిలిచింది. సామాను పాలు తాగిందా, సామాను గుమ్మంలో తడిపింది గుడ్డ తీసుకురండి, సామాను నా చెప్పు ఎత్తుకుపోయింది అంటూ పొద్దస్తమానం. మామయ్యకు వినబడేటట్టే అనేది. ఆయన వినబడనట్టు ఉండేవాడు.

అయితే కొట్టులో కొన్ని మార్పులు వచ్చాయి. నేల మీద మేకు పడితే సాయంత్రం ఊడ్చేటప్పుడు చూసుకోవచ్చులే అనుకునే మనిషి, అయస్కాంతానికి తాడు కట్టి పొద్దునా సాయంత్రమూ గది అంతా ఈడ్చడం మొదలుపెట్టాడు. ఇల్లంతా తిరిగే సామాను ఏది కనబడితే అది నోట్లో పెట్టుకునేది మరి. తరవాత నోట్లోంచి జారే మేకు మాటేమిటన్న ఆలోచన వచ్చినట్టుంది. ఒకరోజు కోడలు మిషను మీంచి తల ఎత్తేసరికి మామయ్య నోరు ఖాళీగా ఉంది. మేకులు ఎత్తుబల్ల మీద గిన్నెలో ఉన్నాయి. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళి, ఏమీ దొరక్క, తికమకపడి గిన్నె వైపు తిరుగుతోంది. జీవితమంతా నడిచిన దారిని చెయ్యి అంత తొందరగా మరిచిపోదు. పని మందగించింది. వేలి మీద సుత్తి కూడా పడింది. అయినా ఆయన మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకోలేదు.

ఖాళీ నోటికి మాటలు రావడం మొదలైంది. ఎవరితోనో కాదు. "అది నవారు. నమిలేది కాదు. లాగి కొట్టాలి, వదులైతే కూర్చున్నవాళ్ళు గోతిలో పడతారు," అని కిందికి చూస్తూ చెప్పేవాడు. స్ప్రింగుకు పురికొస ఎలా ముడి వేస్తాడో, గోనెపట్ట ఎందుకు పరుస్తాడో అంతా చెప్పేవాడు. కోడలు మిషను ఆపి వినేది. ఆమెకు కూడా ఆయన ఇంత వివరంగా ఎప్పుడూ నేర్పలేదు. తెలియని కిటుకులు కొన్ని ఆమె ఆ కుక్కపిల్ల చలవతోనే నేర్చుకుంది.

సోఫా పూర్తి కావస్తుంటే ఆమెకు భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం, సోఫా చేతికి కప్పే గుడ్డ మీద తాను వేసిన తిన్నటి కుట్టును తానే విప్పేసి, వంకర పోయింది మామయ్యా, మళ్ళీ వేస్తాను అంది. మామయ్య విప్పిన గుడ్డ తీసుకున్నాడు. పాత కుట్టు రంధ్రాలు వరసగా, గీత గీసినట్టు ఉన్నాయి. వాటి మీద వేలు నడిపి, గుడ్డ తిరిగి ఇచ్చేశాడు. ఆమె తల దించుకుంది.

మర్నాడు పొద్దున ఆమె కొట్టులోకి వచ్చేసరికి మామయ్య సోఫా అడుగున కూర్చుని, తాను బిగించిన నవారును తానే ఊడదీస్తున్నాడు. అది వదులైందట. కోడలు దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. డోలు తోలులా బిగుసుకుని ఉంది. చెయ్యి తీసేసి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. అత్తయ్య మాత్రం కాఫీ గ్లాసులు పెట్టి వెళ్తూ, ఈ సోఫా మీద కూర్చునేది మనిషేనా, ఏనుగా అని అడిగి వెళ్ళింది.

ఎన్నాళ్ళని ఊడదీస్తారు? మేడమ్‌గారే ఫోన్ చేసింది. ఈతకొలను అవతలి ఒడ్డుకు వినబడేలా మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు, గదిలో అందరికీ వినబడింది. కప్పు బాగయిందనీ, ఇంటికి వచ్చేశాననీ, నేల మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయనీ చెప్పింది. రేపు తెస్తాం అన్నాడు మామయ్య.

వ్యానులో ముందు తండ్రీ కొడుకులు, వెనక సోఫా పక్కన కోడలు, ఆమె ఒళ్ళో సామాను. బయలుదేరే ముందు కోడలు దాని పాల గిన్నె తిరిగి ఇవ్వబోతే అత్తయ్య చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

సోఫాను గదిలో గోడవారగా వేశాక మామయ్య రేకుడబ్బా తెరిచాడు. ఒక దువ్వెన, ఒక తాళంచెవి, కింద నల్లటి తాడుతో ఒక ఈల. ఈలను చూసి మేడమ్‌గారు కూర్చున్నచోటి నుంచి లేచింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మెళ్ళో ఉన్న ఈల అట. ఎవరో తీసుకున్నారని ఒక పిల్లను అనుమానించి తిట్టింది కూడానట. దాన్ని తుడిచి, తుడిచి, ఊదకుండానే మెళ్ళో వేసుకుంది.

"ఇంకొకటుందండీ," అన్నాడు మామయ్య.

కోడలు కుక్కపిల్లను ఆవిడ చేతికి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు వేళ్ళు కాస్త ఆలస్యంగా వదిలాయి. అది ఆవిడ మెళ్ళోని తాడును వాసన చూసి, ఈలను నోట్లో పెట్టుకోబోయి, ఆవిడ మోచేతి మడతలో తల పెట్టింది. పెద్ద గొంతు ఆవిడ చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇదీ నా సోఫాలోదేనా?"

"మీదేనండీ."

"అయితే నాదే అన్నమాట," అంది ఆవిడ, దాని వాలిన చెవిని సవరిస్తూ.

మామయ్య ఖాళీ డబ్బా మూత పెట్టాడు. ముగ్గురూ గుమ్మం దాకా వచ్చారు. కోడలు చెప్పులు వేసుకుంటూ తల ఎత్తలేదు. భర్త వ్యాను తాళం తిప్పుతూ మెట్లు దిగిపోయాడు. మామయ్య ఒక కాలికి చెప్పు వేసుకుని ఆగాడు. చెయ్యి అలవాటుగా పెదవుల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెప్పు విడిచేసి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"అమ్మా, ఒకటి అడగొచ్చా?"

"అడగండి."

"మీ వస్తువే. అందులో మాట లేదు. ఇన్నేళ్ళలో దొరికింది ఏదీ నేను ఎవరినీ అడగలేదు." ఆయన గుక్క తిప్పుకున్నాడు. "ఇది మాకిస్తారా? మా కోడలికి ఇష్టం." మళ్ళీ, నేల వంక చూస్తూ, "నాకూ ఇష్టమే."

కోడలు గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. మామయ్య ఒక మనిషితో ఒకేసారి అన్ని మాటలు అనడం ఆమె ఎన్నడూ వినలేదు.

మేడమ్‌గారు కుక్కపిల్లను చూసింది, కొత్త సోఫాను చూసింది. తాను సగం రోజులు చెల్లెలింట్లోనే ఉంటాననీ, ఇది ఒక్కటే తలుపు వెనక కూర్చుని ఏడుస్తుందనీ, చూడగానే కాసేపు ఆశ పుట్టిందనీ చెప్పింది. ఆ కాసేపు బాగుందని కూడా చెప్పింది. ఊళ్ళో ఉన్నప్పుడల్లా కొట్టుకు వచ్చి చూస్తాను, మరి అప్పుడు వద్దనకూడదంది. కుక్కపిల్లను మామయ్య చేతుల్లోనే పెట్టింది, కోడలి చేతుల్లో కాదు. పేరేమిటని అడిగితే ఆయన తడబడ్డాడు.

"సామాను అంటున్నామండీ. మీది కదా అని."

మేడమ్‌గారి నవ్వు కింద వ్యాను దాకా వినబడింది.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సోఫా లేదు. మామయ్య ముందు సీటు వదిలి, వెనక కోడలి పక్కన, చుట్టగా పడి ఉన్న గోనెపట్ట మీద కూర్చున్నాడు. ఆమెకు ఏదో చెప్పాలని ఉంది. ఏమని చెప్పాలో తెలియక, కుక్కపిల్ల ఒంటికి అంటుకున్న దారప్పోగు తీసింది. ఆయన తల ఊపాడు. అది మెచ్చుకోలో, ఊరడింపో భర్త విడమరిచి చెప్పనక్కర లేకపోయింది.

అత్తయ్య కొట్టు ముందే నిలబడి ఉంది. చేతులు పొడిగానే ఉన్నా కొంగుతో తుడుచుకుంటోంది. వ్యాను తలుపు తీయగానే సామాను ముందు దూకింది.

"ఇదేమిటి, సామాను తిరిగొచ్చింది? సోఫా నచ్చలేదా ఆవిడకి?"

"అడిగి తెచ్చుకున్నాం," అన్నాడు మామయ్య.

"అడిగిందెవరు, అమ్మాయా?"

"నేనే."

అత్తయ్య నోరు తెరిచింది. ఆ నోట మాట రాకపోవడం ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ఆవిడ లోపలికి నడిచి, కడిగి పై అరలో బోర్లించేసిన పాల గిన్నెను మళ్ళీ కిందికి దించింది.