నలభై రెండో కానుగ

1996 జూన్ మూడో వారంలో మా ఆఫీసు నన్ను సూరత్ పక్క బమ్రోలి వెనక ఉన్న ఒక మూతపడిన మిల్లు స్థలాన్ని కొలిచే పనికి పంపింది. స్థలం రెండు హెక్టార్ల పైచిలుకు. దాన్ని కొన్న బిల్డర్ అక్కడ ఇళ్లు కట్టబోతున్నాడు. ఇళ్ల మధ్యలో ఒక తోట, తోటలో చిన్న కొలను గీసివ్వమని మా సాహెబ్‌ను అడిగాడు. సాహెబ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. అంటే ఇళ్లు కాకుండా ఇళ్ల చుట్టూ ఉండే నేల, నీరు, చెట్లు, దారుల నమూనా గీసే మనిషి. ఆ రోజుల్లో సూరత్‌లో ఆ పని చేసేవాళ్లు బహు కొద్దిమంది.

నేను ఆ ఆఫీసులో ఎస్టిమేటర్‌ను. మన్ను ఎంత తవ్వాలి, ఎంత నింపాలి, మొక్కలెన్ని, రాయి ఎన్ని చదరపు మీటర్లు అన్నది తేల్చడం నా పని. నాకు డిగ్రీ పట్టా లేదు. మా నాయన సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల మీద పనికి వచ్చి సూరత్‌లో ఉండిపోయాడు. నేను పదిహేడో ఏట ఒక షెడ్డులో తాన్లు కొలిచి మడతపెట్టే పనికి కుదిరాను. కొలత దగ్గర మొదలైన లెక్క నన్ను ఒక కాంట్రాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి సాహెబ్ దగ్గరికి తెచ్చింది. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు.

నాతోపాటు మమత అనే విద్యార్థిని వచ్చింది. సూరత్‌లోనే లింబాయత్‌లో పెరిగిన మన నేతవాళ్ల పిల్ల. అహ్మదాబాద్‌లో ల్యాండ్‌స్కేప్ కోర్సు చివరి శిక్షణ మా ఆఫీసులో చేస్తోంది. ఆ శిక్షణ పూర్తయినట్టు కాగితం రావాలంటే ఒక స్థలాన్ని మొదటి నుంచి చివరి దాకా తానే కొలిచి, తానే గీసి, షీటు అడుగున తన పేరు రాయాలి. దాని మీద సాహెబ్ సంతకం చేయాలి. వడోదరలో ఒక ఆఫీసు ఆమెకు ఆగస్టు ఒకటి నుంచి ఉద్యోగం ఇస్తానంది, ఆ కాగితం ఉంటేనే. ఇంటిల్లిపాదీ మగ్గం మీద కూర్చుని చదివించిన పిల్ల అది. ఈ ఒక్క షీటు ఆమెకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

చెట్ల సర్వేకు ఒక పద్ధతి ఉంది. స్థలాన్ని పది మీటర్ల గళ్లుగా తాళ్లతో విడదీస్తాం. ప్రతి చెట్టుకు రేకు ముక్క మీద నంబరు కొట్టి కడతాం. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము ఎత్తులో, కాండం చుట్టుకొలత తీస్తాం. ముప్పై సెంటీమీటర్లకు తక్కువైతే మా ఆఫీసు నియమం ప్రకారం అది చెట్టు కాదు, పొద. పొదలను అడ్డమైతే తీసేయవచ్చు. స్థలంలో ఇప్పటికే ఉన్న చెట్టునూ పొదనూ షీటు మీద నిండు గీతతో గుండ్రంగా గీస్తాం. పెట్టబోయే చెట్టుకు చుక్కల గుండ్రం. ఈ తేడా మమతకు మొదటి రోజే చెప్పాను. కాలేజీలో నేర్పారంది.

గేటు దగ్గర కావలివాడు రాజయ్య, నన్ను ఎరిగినవాడే. మిల్లు మూతపడ్డ నాటి నుంచి అతనొక్కడే అక్కడ ఉన్నాడు. అంతకుముందు అదే మిల్లులో పడుగు పోసేవాడు, అంటే మగ్గానికి నిలువు పోగులు వరసగా పరిచేవాడు. మా రేకు ముక్కల సంచి చూసి అడిగాడు.

"చెట్లకు గూడ నంబర్లేస్తరా సత్తన్నా? రేషన్ కార్డులు గిట్ల ఇస్తరా ఏంది?"

మమత నవ్వింది. పడమటి మూలకు మాత్రం పోవద్దనీ, అక్కడ పాములున్నాయనీ చెప్పాడు. పాములున్నా కొలవక తప్పదన్నాను. మేము నడుస్తున్నంతసేపూ అతను గేటు దగ్గరే నిలబడి చూశాడు.

చుట్టూ షెడ్లలో మగ్గాల చప్పుడు పగలంతా ఆగదు. బమ్రోలిలో ఉన్నవాడికి అది చెవిలో ఉన్నట్టే తెలియదు. పడమటి మూలకు వచ్చాక తెలిసింది, ఎందుకంటే అక్కడ అది వినబడలేదు. మిల్లు గోడ అడ్డం ఉండటం కారణం కావచ్చు. మబ్బు పట్టిన మధ్యాహ్నం, గాలి లేదు. మమత మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గించింది. నేనూ తగ్గించానని తర్వాత గమనించాను.

ఆ మూలలో కానుగ మొక్కలు ఉన్నాయి. వాటంతట అవి మొలిచినవి కావు. వరుసకు ఏడు. మొదటి వరుస మనిషిని మించిన ఎత్తు, రెండోది కొంచెం తక్కువ, అలా మెట్లు దిగినట్టు దిగి చివరి వరుస మోకాలి ఎత్తు. అయిదు వరుసలు నిండుగా, ఆరో వరుసలో ఆరు. మొత్తం నలభై ఒకటి. మొక్కకూ మొక్కకూ మధ్య దూరం టేపు పెట్టి చూస్తే సగటున 1.37 మీటర్లు వచ్చింది. చుట్టుకొలత తీసే ఎత్తు కూడా అంతే కాబట్టి పొరపాటున అదే అంకె రాశానేమోనని మళ్లీ కొలిచాను. అదే వచ్చింది. ప్రతి కాండానికీ నేల దగ్గర ఒక దారం కట్టి ఉంది. ఒకటి నారింజ, ఒకటి ఆకుపచ్చ, ఒకటి జరీ. పాలిస్టర్ దారం కనుక చీకిపోలేదు, వెలిసిందంతే. ప్రతి మొక్క పక్కన నేల ఆరు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు కుంగి ఉంది. ఒక్క కాండం కూడా ముప్పై సెంటీమీటర్లు లేదు. ఫీల్డ్ బుక్‌లో "పొదలు, 41" అని రాసుకున్నాను.

"కాకా, నీకు చెట్టు కనవడదు. నంబరే కనవడ్తది" అంది మమత.

అది శనివారం. ఆ సాయంత్రమే ఆమె ఆఫీసులో షీటు గీసింది. సోమవారం పొద్దున నేను దాన్ని ఫీల్డ్ బుక్‌తో సరిపోల్చాను. ఆ మూలలో నిండు గుండ్రాలు నలభై రెండు ఉన్నాయి.

అడిగితే చూసి గీశానంది. మధ్యాహ్నం ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఆరో వరుసలో ఏడో చోట గడ్డి తప్ప ఏమీ లేదు. ఆమె ఆ గడ్డిని కాలితో పక్కకు జరిపి చూసింది.

"వరుసకు ఏడున్నయి గద కాకా. గాడ ఖాళీ ఉంటె చెయ్యి ఊకోలె. చూసిన్ననే అనుకున్న."

ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లు తరచుగా చేసే తప్పే ఇది. నమూనాలు గీసే చేయి, కొలతలు గీసేటప్పుడు కూడా నమూనానే గీస్తుంది. నేను కోప్పడలేదు. ఆ గుండ్రం మీద ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి, "లేదు" అని రాసి, 24 జూన్ అని తేదీ వేసి పొడి సంతకం పెట్టాను.

ఆ వారమే శనివారం నేల ఎత్తుపల్లాలు తీయడానికి డంపీ లెవెల్ తీసుకుని వెళ్లాం. లెవెల్ అంటే మూడు కాళ్ల మీద నిలిపే దుర్బిణి. దూరంగా నిలబెట్టిన కొలబద్ద మీది అంకెను దాంట్లోంచి చదువుతారు. మమత కొలబద్ద పట్టుకుని వరుస వెంట నడుస్తోంది, నేను చదివి రాస్తున్నాను. ఆరో వరుస చివర అంకె తేడాగా వచ్చింది. అన్నిచోట్లా నేల కుంగి ఉంటే అక్కడ పన్నెండు సెంటీమీటర్లు ఉబ్బి ఉంది. కొలబద్ద సరిగా పట్టమని కేక వేశాను. ఆమె కదల్లేదు. దగ్గరికి వెళ్లాను.

ఏడో చోట జానెడు కానుగ మొక్క ఉంది. చుట్టూ మన్ను తడిగా ఉంది. మొక్కకు చిలకపచ్చ దారం. మన్ను మీద తుమ్మకొమ్మలు కప్పి ఉన్నాయి.

ఆ కొమ్మలు చూశాకగాని నాకు అర్థం కాలేదు. ఇది నేను ఒప్పుకోవాల్సిన మాట. మా వాళ్లలో పళ్లు రాని పసిపిల్లలు పోతే కాల్చరు, పాతిపెడతారు. కుక్కలు తోడకుండా పైన ముళ్లకంప వేస్తారు. రాయి పెట్టరు, గుర్తు ఉంచరు. మా ఊళ్లో మొక్క నాటడం నేనెన్నడూ చూడలేదు. అందువల్ల నలభై ఒక్క మొక్కలకు కొలతలు తీసి కూడా నాకు తట్టలేదు. మొదటి రోజు తీసిన అంకెలు చెబుతూనే ఉన్నాయి. కుంగిన నేల పొడవు రెండున్నర అడుగులు దాటినది ఒక్కటీ లేదు.

రాజయ్యను కూర్చోబెట్టి అడిగాను. దాచలేదు. బతకడానికి వచ్చిన ఊళ్లో పసిగుడ్డును పెట్టడానికి జాగా లేక, మగ్గాలవాళ్లు అతని దగ్గరికి వచ్చేవాళ్లట. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు తండ్రి ఒక్కడే వస్తాడు. తను నేస్తున్న మగ్గం నుంచి పోగు తెంపుకొస్తాడు. మేకలు ముట్టవని రాజయ్య కానుగ పెడతాడు. మూడు మూరలు కొలిచి పెడతాడు, పడుగు పోసిన చేయి వంకర పోనివ్వదు కాబట్టి.

ఈ చివరిది ఎప్పుడని అడిగాను. మొన్న గురువారమన్నాడు. మమత అతని దగ్గరికి జరిగి, ఆ చోటు ముందే అనుకుని పెట్టారా, తవ్వి పెట్టారా, ఎవరితోనైనా అన్నారా అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. తను ముందే గీశానని, నేను సోమవారం ఎర్రగీత కొట్టానని చెప్పింది. రాజయ్య ఆమె వైపు తిరిగాడు.

"ముందుగాల ఎట్ల తవ్వుతం బిడ్డా. సోమారం నాటికి ఆ పోరి పుట్టనే లేదు. బేస్తారం ముందునాడు పుట్టింది, బేస్తారం పోయింది."

సోమవారం నుంచి ఆ షీటు మీద పెన్ను పెట్టడానికి మమత వెనకాడింది. నేను నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. ఖాళీ ఉన్నది ఆ చోటే, తర్వాతి మొక్క ఎప్పుడు వచ్చినా అక్కడికే వస్తుంది, నువ్వు గీసినా గీయకున్నా. ఆమె విని, "వారానికే ఎందుకొచ్చింది కాకా?" అంది.

విషయం బయట పడితే పోలీసులు వస్తారని, తవ్విస్తారని రాజయ్య భయం. కాబట్టి సాహెబ్‌కు కారణం చెప్పే వీల్లేదు. ఆయన పెన్సిల్‌తో వేసిన కొలను సరిగ్గా ఆ మూల మీద ఉంది. నేను రెండు రోజులు కూర్చుని మన్ను లెక్క మళ్లీ వేశాను. కొలనును పద్దెనిమిది మీటర్లు తూర్పుకు జరిపితే తవ్వే మన్ను ఇరవై అయిదు ఘనపు మీటర్లు తగ్గుతుంది. సాహెబ్ చూసి సంతోషంగా ఒప్పుకున్నారు. అక్కడి కానుగలను అలాగే ఉంచుదామన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆరు వరుసలేమిటి, ఏడు చేస్తే చదరం అవుతుందని, గట్టి పెన్సిల్ తీసి మమత గీస్తున్న ట్రేసింగ్ కాగితం మీద ఇంకో వరుస, ఏడు గుండ్రాలు, వేసేశారు. తొందరలో చుక్కలు పెట్టలేదు. నిండు గీతలే.

మమత వాటి మీద సిరా పెట్టనంది. సాహెబ్ కారణం అడిగారు. చెప్పలేదు. ఆయన చెడ్డవారు కాదు, కానీ శిక్షణలో ఉన్న పిల్ల కారణం లేకుండా కాదనడం ఆయన ఆఫీసులో జరిగే పని కాదు. పూర్తయిన షీటు వచ్చాకే సంతకమని చెప్పి వెళ్లిపోయారు. జులైలో ఇంకా పది రోజులున్నాయి.

"గీస్తె నౌకరీ వస్తది. ఏడుగురిని గీసి పోవాల్నా కాకా?" అని అడిగింది. ఏడవలేదు. నిజంగా జవాబు కావాలన్నట్టు అడిగింది.

నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు. అయినా ఆ గుండ్రాలను గీయమని చెప్పలేకపోయాను. కొలను గట్టు వాలు తీశాను. ఒక మీటరు ఎత్తుకు మూడు మీటర్ల వాలు. జరిపిన కొలను గట్టు అంచు ఏడో వరుస చోటును అరవై సెంటీమీటర్లు దాటి లోపలికి వస్తోంది. వాలు మీద చెట్టు నిలవదని రాసి సాహెబ్ ముందు పెట్టాను. అంకె నిజమైనదే. పద్దెనిమిదికి బదులు పంతొమ్మిది మీటర్లు జరిపితే వరుస పట్టేదన్నది కూడా నిజమే. అది నేను చెప్పలేదు. సాహెబ్ తలూపి, ఆ గుండ్రాలు చెరిపేయమన్నారు. జులై 27న సంతకం చేశారు. షీటు అడుగున మమత తన పేరు రాసి, కానుగలు 42, కదపరాదు, అని రాసి, పక్కన తేదీ వేసింది.

గుండ్రాలను చెరిపింది నేనే. ఆరు పూర్తిగా పోయాయి. మొదటిది సాహెబ్ నొక్కి వేశారు. రబ్బరు పెట్టినా, బ్లేడుతో గీకినా కాగితంలో దిగిన గాడి పోలేదు. వెలుతురుకు పట్టి చూస్తే కనబడేది. మమతకు చెప్పలేదు. ఆమె వడోదర వెళ్లి ఉద్యోగంలో చేరింది.

ఆగస్టు రెండో వారంలో కొలను హద్దు నేల మీద గుర్తించడానికి మేకులు, సున్నం తీసుకుని వెళ్లాను. రాజయ్య గేటు తీసి నాతో పాటే మూల దాకా నడిచాడు. ఏడో వరుసలో మొదటి చోట తడి మన్ను, ముళ్లకంప, నీలం దారం. ఎప్పుడని అడగలేదు. ఆ రోజు కొలను మేకులను మరో మీటరు తూర్పుకు కొట్టించాను. ఆ తర్వాత స్థలం చుట్టూ కంచె పడింది. ఇంకెవరూ రాలేదని రాజయ్య చెప్పాడు.

ఉన్నదాన్నీ రాబోయేదాన్నీ ఒకే కాగితం మీద గీయకూడదన్నది ఆ పని నాకు నేర్పింది. అప్పటి నుంచి ఉద్యోగం విడిచే దాకా రెండు వేరు షీట్లు పెట్టించాను. మొదటి దాని మీద లెక్క తీసిన తేదీ, వేళ, లెక్క తీసిన మనిషి పేరు తప్పనిసరి. చుట్టుకొలత చాలనివాటికి కూడా వేరే గడి పెట్టి, పక్కన నేల ఎలా ఉందో రాయించాను. మమత షీటు మీద 42 అని ఉంది. తోటలో 43 ఉన్నాయి. తేదీలు చూసుకుంటే రెండు అంకెలూ సరైనవే.