నానమ్మకు రాని బెంగాలీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో రహస్యాలకు ఒక భాష ఉండేది. అది బెంగాలీ. వంటలు, తిట్లు, దేవుడికి దణ్ణాలు అన్నీ తెలుగులోనే నడిచేవి. నానమ్మ చెవిన పడకూడని మాట ఏదైనా వస్తే మాత్రం అమ్మా నాన్నా చటుక్కున బెంగాలీలోకి మారిపోయేవారు. ఇద్దరూ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగారు కాబట్టి వాళ్ళకది మంచినీళ్ళ ప్రాయం. బెంగాలీ పిల్లల పక్కన కూర్చుని చదువుకుంటున్నదాన్ని కాబట్టి నాకూ అంతే. నానమ్మ ఒక్కతే టెక్కలి దగ్గర పల్లె నుంచి పెళ్ళై వచ్చిన మనిషి. మేముండే ఖరిదా పేటలో తెలుగుతోనే బతుకంతా వెళ్ళదీయవచ్చు. కూరలవాడికి తెలుగొచ్చు, చేపలమ్మికి తెలుగొచ్చు, గుళ్ళో పూజారి మనవాడే. ఎవరైనా తెలియక బెంగాలీలో పలకరిస్తే నానమ్మ చెయ్యి ఊపేసి, "నాకా బాస రాదు బాబూ" అని నవ్వేది. ఆ మాటను మేమెవరం ఏనాడూ అనుమానించలేదు.

నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు నానమ్మ మాటలు తడబడడం మొదలైంది. గరిటె కావలిస్తే చీపురు తెమ్మనేది. ఉప్పు డబ్బా చూపించి దాని పేరు కోసం వెతుక్కునేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం, ఆవిడా మాతో నవ్వేది. పెద్దతనం అనుకున్నాం. తర్వాత కుడి చేతిలోంచి గిన్నెలు జారడం మొదలైంది. ఒకరోజు పొయ్యి ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కొయ్యబారి, ఒళ్ళంతా కొట్టుకుంటూ పడిపోయింది. మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. పైవాళ్ళను పట్టుకుని ఆవిణ్ణి కలకత్తాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. తలను పొరలు పొరలుగా ఫోటో తీసే మిషన్ అక్కడికి అప్పుడే కొత్తగా వచ్చింది. మెదడులో ఎడమవైపు, మాటలు తయారయ్యే చోట, గడ్డ ఉందని తేలింది. తల తెరిచి తీయగలిగినంత తీశారు. తీసిన ముక్కను పరీక్ష చేస్తే కేన్సర్ అన్నారు, అందులోనూ అన్నిటికన్నా మొండిది. ఆపైన కొన్ని వారాలు తలకు కరెంటు పెట్టించారు. రేడియేషన్‌ను మావాళ్ళు అలాగే అనేవారు, ఇప్పటికీ అంటారు.

కేన్సర్ అన్న మాట మా ఇంట్లో తెలుగులో ఎవరూ పలకలేదు. తలలో నీరు చేరింది, తీసేశారు అని నానమ్మకు చెప్పాం. ఆ మాట రోజూ చెప్పే పని నాకు అప్పగించారు, ఎందుకంటే ఆవిడ నన్ను నమ్మినట్టు ఇంకెవరినీ నమ్మదు. "నీరు పోయిందిలే నానమ్మా, బేగి తగ్గిపోద్ది" అనేదాన్ని. ఆవిడ నా మొహంలోకి చూసి తల ఊపేది. పెద్దవాళ్ళ రహస్యంలో నాకూ వాటా దొరికిందని నాకు చెప్పలేనంత గర్వం.

కొన్నాళ్ళు నిజంగానే తగ్గినట్టు కనిపించింది. నానమ్మ బుగ్గలు నిండాయి. ఆకలి పెరిగింది. రెండు మెతుకులు తినే మనిషి మళ్ళీ వడ్డించమని కంచం చూపించేది. వీధిలో అందరికీ మా నానమ్మకు నయమైపోయిందని చెప్పుకొచ్చాను. అది నయం కాదని, గడ్డ చుట్టూ ఉన్న వాపు తగ్గడానికి ఇచ్చే మాత్రల వల్ల మొహం అలా గుండ్రమైందని, ఆ మాత్ర గడ్డను ముట్టుకోదని నాన్నకు తెలుసు. అమ్మతో చెప్పాడు. బెంగాలీలో చెప్పాడు. నానమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది.

అప్పటి ఒక ఆదివారం పొద్దున్న సంగతి చెప్పాలి. నానమ్మ నాకు జడ వేస్తోంది. కుడి చెయ్యి సరిగ్గా పట్టదు కాబట్టి ఎడమ చేత్తోనే పాయలు తిప్పుతూ తంటాలు పడుతోంది. నాకు విసుగ్గా ఉన్నా కదలకుండా కూర్చున్నాను. నాతో చదివే బెంగాలీ అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుని, మీ ఠాకుమాకు ఎలా ఉంది అని అడిగింది. ఠాకుమా అంటే నానమ్మే. నేను పెద్ద ఆరిందాలా బెంగాలీలో చెప్పాను: తలలో కేన్సర్, దుర్గాపూజ దాకా బతకదట, ఎవరితోనూ అనకు, ఆవిడకు తెలియదు. నా జుట్టులో నానమ్మ చెయ్యి ఆగిపోయింది. చెయ్యి మళ్ళీ పట్టు తప్పిందనుకున్నాను. కాసేపటికి మూడో పాయ అందుకుని జడ పూర్తి చేసింది. రిబ్బను కూడా కట్టింది, వదులుగా. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు లడ్డు పెట్టి పంపించింది.

వానలు పడే రోజుల్లో గడ్డ మళ్ళీ పెరిగింది. నానమ్మ తెలుగు దాదాపుగా పోయింది. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా "అది, అది" అనేది. మేం పది వస్తువులు చూపిస్తే పదకొండోదానికి తల ఊపేది. ఒక్కోసారి ఏడ్చేది. మళ్ళీ ఫోటో తీయించి తెచ్చాక మా ఊరి డాక్టరుగారు, ఒక బెంగాలీ పెద్దమనిషి, ఇంటికొచ్చారు. నానమ్మ మంచం పక్కన నిలబడి నోరు తెరవబోయి ఆగారు. ఇక్కడే మాట్లాడొచ్చా అన్నట్టు నాన్నవైపు చూశారు. ఫరవాలేదు, ఆవిడకు బెంగాలీ రాదు అన్నాడు నాన్న.

డాక్టరుగారు కుర్చీ లాక్కుని నాన్నకు ఎదురుగా, నానమ్మకు వీపు పెట్టి కూర్చున్నారు. ఇది చింతగింజలా ఏరి పారేయడానికి వీలైన గడ్డ కాదన్నారు. బట్ట మీద ఆవనూనె చుక్క పడితే మధ్యలో మరక కనిపిస్తుంది గానీ, నూనె ఎక్కడిదాకా పాకిందో అంచు చెప్పలేం కదా, ఇదీ అంతే. మరక ఉన్నంత మేరా కత్తిరిస్తే పోయేది బట్టే. మెదడులో అలా కత్తిరించుకుంటూ పోతే మాటా పోతుంది, చెయ్యీ పోతుంది, మనిషే పోవచ్చు. రెండోసారి ఆపరేషన్ చేస్తే కొన్ని వారాలు కలిసి రావచ్చు, రాకపోనూ వచ్చు. లేదంటే వాపుకీ మూర్ఛకీ మాత్రలిస్తూ, నొప్పి లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆ మాటలన్నీ నాకు అర్థమయ్యాయి. పదకొండేళ్ళ పిల్లకు అర్థమయ్యేలాగే చెప్పారు ఆయన.

అమ్మ వద్దంది. నాన్న వినలేదు. కొడుకన్నవాడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా, కలకత్తా తీసుకెళ్తాను, మళ్ళీ నీరు చేరిందని నానమ్మకు చెబుదాం అన్నాడు. అన్నీ బెంగాలీలోనే. నేను మందుగ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. కొత్త అబద్ధం ఎలా చెప్పాలా అని అప్పుడే మనసులో వాక్యం కట్టుకుంటున్నాను కూడా.

"ఆమార్ మాథా."

ఎవరన్నారో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నానమ్మ ఎడమ మోచేతి మీద లేచి ఉంది. నాన్నవైపే చూస్తూ మళ్ళీ అంది, నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, కానీ తప్పు లేకుండా:

"ఆమార్ మాథా. ఆమాకే జిగ్గేస్ కోర్."

నా తల. నన్నడుగు.

తర్వాత తన పమిట కొంగు పైకెత్తింది. దాని మీద ఎప్పటిదో పోపు నూనె మరక ఉంది. ఆ మరక చుట్టూ వేలు తిప్పి, కత్తెరలా రెండు వేళ్ళు ఆడించి చూపించి, "ఆర్ కాటిష్ నా" అంది. ఇంక కొయ్యొద్దు.

నాన్నకు తల కొట్టేసినట్టయింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ గదిలో ఇంకేమీ కనిపించడం లేదు. జుట్టులో ఆగిన చెయ్యి ఒక్కటే మెదులుతోంది. పట్టు తప్పి ఆగలేదది. దుర్గాపూజ దాకా బతకదని మనవరాలి నోటివెంట విని ఆగింది. విని కూడా జడ పూర్తి చేసింది. ఎక్కడికి పారిపోవాలో తెలియక గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అంత సిగ్గు నేను మళ్ళీ జీవితంలో పడలేదు.

ముందుగా తేరుకున్నది డాక్టరుగారు. ఆయన లేచి, కుర్చీ తిప్పి, నానమ్మకు ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. క్షమించండి మాసీమా అని, పెద్దావిడను పిలిచే పిలుపుతో, చెప్పిందంతా మొదటినుంచి మళ్ళీ చెప్పారు. ఈసారి ఆవిడకు చెప్పారు. తొందరపడకుండా, మధ్యమధ్యలో ఆగి, అర్థమైందా అని కళ్ళతోనే అడుగుతూ చెప్పారు. గడ్డ ఎడమవైపున ఉంటే కొందరికి ఒక భాష ముందు పోయి ఇంకో భాష ఇంకొన్నాళ్ళు మిగులుతుందని, ఎందుకో తమకూ సరిగ్గా తెలియదని కూడా అన్నారు. నానమ్మ శ్రద్ధగా వింది. అడగాల్సింది ఒక్కటే అడిగింది, కొయ్యకపోతే నొప్పి ఉంటుందా అని. ఉండకుండా చూస్తానని ఆయన మాటిచ్చారు.

ఆయన వెళ్ళాక నాన్న మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఆఫీసులో పదిమందికి అర్జీలు రాసిపెట్టే మనిషి ఆవిడ దుప్పటి అంచు రెండుసార్లు సర్దాడు. చివరికి తెలుగులోనే అడిగాడు. "అమ్మా, నీకేటి కావాలో నువ్వే సెప్పు. నువ్వు సెప్పినట్టే సేస్తాను." నానమ్మ జవాబు చెప్పాలని చాలాసేపు పెదవులు కదిపింది. తెలుగు రాలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసింది. ఆవిడకు మాటలున్న నెలల్లో మేం ఒక్కరమూ అడగలేదు. అడిగేసరికి తెలుగు మాటలు అయిపోయాయి. మా ఇంటి సిగ్గంతా అదీ.

పక్కింటి కాకిమా, అంటే పిన్ని, రోజూ మధ్యాహ్నం మా పెరటి అరుగు మీద నానమ్మతో కూర్చుని కూరలు తరుగుకునే బెంగాలీ ఇల్లాలు, ఆ తర్వాత సంగతంతా చెప్పింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారని మేం అనుకునేవాళ్ళం. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో నానమ్మ బెంగాలీ పలికితే అత్తవారు యాస చూసి నవ్వారట. అప్పుడు మానేసింది. తర్వాత రాదని అనుకోనివ్వడంలో సుఖం కనిపెట్టింది. ఇంట్లో ఎవరేమనుకుంటున్నారో కూర్చున్న చోటికే వచ్చేది మరి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మేమంతా ఆవిడ ఎదుటే గుసగుసలాడాం. జబ్బు సంగతి మొదటివారంలోనే తెలిసిపోయిందట. తనకు తెలియదనుకుంటేనే కొడుకు తన ఎదుట నవ్వగలుగుతున్నాడు, ఆ నవ్వు పోగొట్టడం దేనికి అని కాకిమాతో అన్నదట. మేం ఆవిణ్ణి కాపాడుతున్నామనుకున్నాం. కాపాడింది ఆవిడే, మమ్మల్ని.

ఆపరేషన్ చేయించలేదు. మంచం వీధి గదిలోకి మార్చాం. డాక్టరుగారు మాట నిలబెట్టుకున్నారు. మిగిలిన నాలుగు బెంగాలీ ముక్కలతో నానమ్మ కావలసినవి అడిగేది, మేం ఇచ్చేవాళ్ళం. నీరు చేరిందన్న మాట మళ్ళీ నా నోటివెంట రాలేదు. ఒకరోజు తల దువ్వుకోకుండా ఆవిడ ముందు కూర్చుని ఏడ్చాను. క్షమించమని ఏ భాషలో అడగాలో తెలియలేదు. ఆవిడ నా జుట్టు పట్టుకుని ఎడమచేత్తో పాయలు తీసింది గానీ అల్లలేకపోయింది. దుర్గాపూజ దాటింది. కిటికీలోంచి డప్పులు వింటూ నావైపు చూసి కన్ను గీటింది, చూశావా అన్నట్టు. దీపావళి మాత్రం చూడలేదు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. పోయినేడు మా ఆయనకు అదే జాతి గడ్డ అన్నారు. నానమ్మదీ ఆయనదీ ఒక రక్తం కాదు, ఖర్మ అంతే. ఇప్పుడు వైద్యం చాలా మారింది. మెదడులో ఎక్కడ కొయ్యాలో ఎక్కడ ఆగాలో ముందే గీసి చూసుకుంటున్నారు, రేడియేషన్ గురిచూసి ఇస్తున్నారు, కీమో ఇంట్లోనే మింగే మాత్రగా వచ్చింది. అయినా నూనె మరక నూనె మరకే. పూర్తిగా పోదు, కొంత కాలాన్ని కొనుక్కుంటున్నామని డాక్టరు నాకూ పిల్లలకూ చెప్పాడు. మా ఆయనకు తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, ఒరియా అన్నీ వచ్చు. ఆయన దగ్గర దాచడానికి భాష మిగల్లేదు. అయితేనేం, పిల్లలు ఫోన్లో కొత్త గ్రూపు ఒకటి పెట్టారు, వాళ్ళ నాన్న లేని గ్రూపు. అందులో రిపోర్టులు, లెక్కలు, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. నేనూ అందులో ఉన్నాను. రెండు వారాలు ఉన్నాను. రోజూ "సరే" అని రాశాను. ఇంత వయసొచ్చి, అంత చూసి.

ఒక సాయంత్రం ఆయన టీ తాగుతూ సాసరు పేరు కోసం వెతుక్కున్నారు. దొరక్క, నావైపు చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. ఫోను తెరిచి ఆయన చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. నా మొహం చూడలేదు, నాకూ చూపించే మొహం లేదు. అంతా అయ్యాక, "ఇందులో నన్నూ సేర్చు," అన్నారు. "అడగాల్సినవి నాకూ ఉన్నాయి కదేటి."

చేర్చాను. ఇప్పుడు డాక్టరు దగ్గర కుర్చీ ఆయనకు ఎదురుగానే ఉంటుంది. నా జుట్టు నెరిసి పలచబడింది, అల్లడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా పొద్దున్నే అద్దం ముందు జడ వేసుకుంటుంటే, మూడో పాయ అందుకునే చోట నా చెయ్యి ఒకసారి ఆగుతుంది.