తడి పసుపు

తడిపిన పసుపు వాసన నాకు గిట్టదు. వింటే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటారని ఎవరికీ చెప్పను. మొన్న ఆయుధపూజ నాడు మేడమీద అద్దెకున్న పిల్ల గిన్నెలో పసుపు కలుపుకుని మెట్లు దిగుతుంటే, మనిషికన్నా ముందు ఆ వాసన వచ్చింది. తలంటుకున్న జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా తిన్నగా వరండాలోని మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో కూలబడి ఉన్నదాన్ని ఎలా లేచానో తెలియదు, వెళ్ళి ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను. పట్టుకున్నాక మా అత్త గోవిందమ్మ గుర్తొచ్చింది.

సత్యవేడు నుంచి తిరుపతికి నేను కోడలిగా వచ్చేనాటికి తెల్లదొరల కాలం, పెద్ద యుద్ధం నడుస్తోంది. మాది చిన్న బట్టల అంగడి. ఇంట్లో అత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకైన మా ఆయన, నేను. మా వీధిలో కరెంటు పెట్టించుకున్న కొద్ది ఇళ్ళలో మాదొకటి. అత్తకు దీపం లక్ష్మి, కాబట్టి స్విచ్చి కూడా లక్ష్మే. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా ఎవరూ దాన్ని తాకకూడదు. బల్బు వెలగ్గానే దండం పెట్టాలి. మొదటిసారి నాకు నవ్వాగలేదు. ఆమె కోప్పడలేదు. “నవ్వుమే, నవ్వు. బుడ్డి మసి తుడిసి తుడిసి నా చేతులు యెట్లయినాయో సూడు, అప్పుడు నువ్వే దండం పెడతావు,” అంది. చేతులు చూశాను. మర్నాటి నుంచి దండం పెట్టాను.

అంగట్లో గుడ్డ కొలవడం, బేరం దగ్గర గొంతు పెంచకుండా నిలబడడం, ఎవరేమన్నా తల ఎత్తి జవాబు చెప్పడం, అన్నీ ఆమె నేర్పినవే. కోడలు అంగట్లో కూర్చోవడమేమిటని చుట్టాలు సణిగితే, దానికి నోరుంది, లెక్క వచ్చు, ఇంకేం కావాలి అనేది. కన్నతల్లి దగ్గర కూడా నాకు అంత చనువు లేదు.

ఆ ఏడు వానలకు స్విచ్చి పెట్టె బుయ్యిమంటూ మోగడం మొదలుపెట్టింది. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. అది అమ్మవారి శక్తి అంది అత్త. మా ఆయన మాత్రం వైర్‌మన్‌ను పిలుచుకొచ్చాడు. లోపల తీగ మీద తొడుగు చెడి ఇనప పెట్టెకంతా కరెంటు పాకుతోందని, స్తంభం దగ్గరే కోసేస్తే తప్ప దాని జోలికి పోకూడదని అతను చెప్పాడు. కొత్త పెట్టె మద్రాసు నుంచి రావాలి, యుద్ధంలో సామాను దొరకడం లేదు. స్తంభమెక్కే మనిషి పండగ వెళ్ళాక వస్తాడు. అందాకా తడి చేత్తోనే కాదు, పొడి చేత్తో కూడా తాకవద్దన్నాడు. ఎవరైనా అంటుకుపోతే వాళ్ళను పట్టుకోవద్దు, పట్టుకున్నవాళ్ళూ పోతారు, చెక్క మీద నిలబడి ఎండిన కట్టెతో తోసెయ్యాలి అన్నాడు. ఆ చివరి మాట అత్త రెండోసారి అడిగి చెప్పించుకుంది.

అయితే పండగ వచ్చేసింది. కత్తిపీట, కొడవలి, అంగట్లో గజం బద్ద, కుట్టుమిషను, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టాం. ఇంటికి వెలుగిచ్చేదాన్ని ఒక్కదాన్నే బోసిమొహంతో వదిలెయ్యడానికి అత్తకు మనసొప్పలేదు. తాకొద్దన్నది మైల చేతులతోనని, తలంటుకుని మడిగా పెడితే తల్లి ఏమీ అనదని ఆమె నమ్మకం. తడి చీరతో, గిన్నెతో బయల్దేరింది. మా ఆయన ఎదురొచ్చి గిన్నె లాక్కున్నాడు.

“నీకేమన్నా అయితే నాకెవురుండారమ్మా? ఈడియ్యి, వేలు తగిలీ తగలకుండా బొట్టు పెట్టి వస్తా.”

ఆయనా అప్పుడే తలంటుకుని వచ్చాడు. అప్పుడే కడిగిన నేల. తల్లికి ప్రమాదం అనుకున్నవాడు తనకూ అదే ప్రమాదం అనుకోలేదు, అదేం ఖర్మో. గిన్నె కిందపడిన చప్పుడుకు చూస్తే ఆయన చెయ్యి పెట్టెకు అతుక్కుపోయి ఉంది. నేను పరుగెత్తాను. అత్త వెనకనుంచి నా మణికట్టు పట్టుకుంది. కొరికాను, రక్కాను, కాలితో తన్నాను. వదల్లేదు. “రోకలి తేండప్పా” అని వీధిలోకి అరుస్తూనే ఉంది గాని వదల్లేదు. పక్కింటాయన పీట వేసుకుని రోకలితో ఆయన్ను తోసేసరికి అంతా అయిపోయింది. తర్వాత ఎవరో స్తంభం దగ్గర కరెంటు కోయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

పదోరోజున నా గాజులు తీయించడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె, కోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదంది. అత్త లేచి నా పక్కన కూర్చుంది. “దాని కాలు గాదు. నా తడి పసుపు,” అంది. ఆ తర్వాత ఆ మాట ఇంకెవరూ అనలేదు.

ఆ ఇంట్లో మళ్ళీ కరెంటు పెట్టించలేదు. బుడ్డి మసి నేనే తుడిచాను. ఏటా ఆయుధపూజకు ముందు అత్త ఇల్లిల్లూ తిరిగి, స్విచ్చికి తడి పసుపు పెట్టొద్దని, గోడకు దూరంగా పూలు పెట్టి దండం పెట్టుకుంటే చాలని చెప్పేది. పండగ పూట కొడుకు పోయినామె ఎదురొస్తోందని తలుపులు వేసుకునేవాళ్ళు. మూసిన తలుపుకే చెప్పి వచ్చేది. ఎవరైనా విన్నారో లేదో దేవుడికే తెలియాలి.

ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం. ఏ ముందుమాటా లేకుండా అంది: “ఆ పొద్దు నిన్ను ఇడిసిపెట్టింటే రోకలి నేనే తెచ్చిండేదాన్ని. దొడ్లోనే ఉండె.”

మరి ఎందుకు వదల్లేదత్తా అన్నాను.

“ఇడిసింటే నువ్వు వాణ్ణి పట్టుకునిండేదానివి గదమ్మా.”

మళ్ళీ గింజలు తీయడంలో పడింది. ఆమె చేతిమీద నా పంటిగాట్లు తెల్లగా మిగిలిపోయి ఉన్నాయి. ఆమె పోయేదాకా ఉన్నాయి. ఆ రోజు నేను పెనుగులాడకుండా నిలబడి ఉంటే ఆమెకు చేతులు ఖాళీ అయ్యేవని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఒక్కనాడూ ఆ మాట అనలేదు. అని ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో.

మేడమీది పిల్ల చెయ్యి విడిపించుకోవాలని చూసింది. “నొప్పిగా ఉండాది, వదలండవ్వా,” అంది.

పసుపు గిన్నె కింద పెట్టేదాకా వదల్లేదు.