ఏడు రోజులని చెప్పిన మాట

మా మామ పోయాడన్న కబురు నాకు బడిలో తెలిసింది. మా అత్త ఐరాల నుంచి ఆఫీసు గదికి ఫోను చేసి, "మామ లేడు పాపా. చెరుకుతోట కాడికి పోతా పోతా పడిపోయినాడు" అని చెప్పి, ఫోను పక్కవాళ్ళకు ఇచ్చేసింది. తిరుపతిలో బస్సెక్కినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. చంద్రగిరి దాటాక వచ్చింది. ఐరాల చేరేదాకా ఆగలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. మా అమ్మకు తమ్ముడు. కొన్నేళ్ళు సిపాయి, ఆ తర్వాత చెరుకు రైతు. మా వైపు మేనమామ అంటే పెళ్ళి వరస కూడా, కాబట్టి వేళాకోళానికి కొదవ ఉండదు. "దీన్ని నాకు ముడేస్తారని భయపడే పటాలంలో చేరినా" అని నా పెళ్ళిపీటల దగ్గర మా ఆయనకే చెప్పి వచ్చిన మనిషి. నన్ను నవ్వించడం ఆయనకు మంచినీళ్ళు తాగినంత తేలిక.

ఒక్క విషయంలో మాత్రం అందరినీ విసిగించేవాడు. పిలవకుండా ఎవరి గడపా దాటేవాడు కాదు. బయటే నిలబడి, "ఇంట్లో ఎవురుండారు, రావచ్చునా" అని అడిగి, రమ్మనేదాకా ఎండైనా వానైనా కదిలేవాడు కాదు. సొంత అక్క ఇంటికొచ్చినా అంతే. మా అమ్మ పిండి చేతులతో బయటికొచ్చి, "నువ్వేమన్నా కొత్తల్లుడివా, మేళం పెట్టి పిలవాల్నా" అని తిట్టేది. ఈ నెలంతా గేటు చప్పుడైతే నేను లేచి వెళుతున్నాను. పాలవాడో, పేపరబ్బాయో. వాళ్ళు ఏమీ అడగకుండానే లోపలికి వచ్చేస్తారు.

పటాలం నుంచి వచ్చేశాక మామ గానుగ పెట్టాడు. బెల్లం వండే రోజుల్లో ఆ గానుగ పాకే ఊరివాళ్ళకు కచేరీ. ఇటు పెనంలో చెరుకురసం ఉడుకుతుంటే అటు పదిమంది చేరి పేపరు చదివించుకునేవారు. నేను సెలవుకు వెళితే, టీచరమ్మ కదా అని ఆ పని నాకు అప్పగించేవారు.

అమెరికాలో మేడలు కూలిన ఏడాది పేపరులో ఎక్కడ చూసినా ఒకటే గొడవ. పడమటి పొరుగుదేశం తన విమానాశ్రయాలను పరాయి సైన్యానికి వాడుకోనిచ్చింది, వచ్చినవాళ్ళు అక్కడే పాతుకుపోతే మన గతేమిటి అని. దక్షిణాన సిలోను రేవు మీద కూడా ఎవరెవరో కన్నేశారని రాసేవారు. పాకం కలిపే పెద్దాయన నేను చదివింది విని, "పక్కింటోడు పులిని తెచ్చి కట్టేసుకుంటే నిద్ర పట్టనిది మనకబ్బా" అన్నాడు. అందరూ అవునన్నారు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

మామ నురగ తీస్తూ తలెత్తకుండా అన్నాడు. "పులి సంగతి సరే. దాన్ని కట్టేసిన ఇంట్లో వాళ్ళ సంగతి ఏమన్నా రాసినారా, సూడు పాపా."

చూశాను. ఏమీ రాయలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక తన పటాలం నాటి సంగతి నాకు చెప్పాడు. అక్కడి ప్రభుత్వం రమ్మంటే, శాంతి నిలబెట్టడానికని మన సైన్యం సిలోను వెళ్ళిన రోజులవి. చిత్తూరు వాళ్ళందరిలాగే మామకు అరవం నోటికి వచ్చు. సంతల్లో, బస్సుల్లో, చుట్టాలిళ్ళలో పట్టుబడిన అరవం. చదవడం, రాయడం రాదు. ఆయన ఉన్న దళంలో ఆ మాత్రం వచ్చినవాడు ఇంకొకడు లేడు. అందుకని ఎక్కడికి వెళ్ళినా ఆయనను ముందు నిలబెట్టేవారు. ఒక ఊళ్ళో, రోడ్డు మలుపు దగ్గర ఉన్న ఒక పెంకుటిల్లు దళం మకాముకు కావాల్సి వచ్చింది. అందులో ఉన్నది ఒక ముసలామె, ఆమె మనవరాలు. ఇల్లు ఖాళీ చేయమని చెప్పాల్సిన పని మామ మీద పడింది. ఎన్నాళ్ళు అని ఆమె అడిగింది.

"ఎన్నాళ్ళో మా ఆఫీసరు నాకు చెప్పలే పాపా. ఆమె మొగం సూడలేక నేనే అనేసినా, ఏడు రోజులని."

సిపాయిలు ఆ ఇంట్లో పదకొండు నెలలు ఉన్నారు. ఆమె, మనవరాలు వెనక పశువుల కొట్టంలో కాపురం పెట్టారు. బావి ఇంటి నడవలో ఉంది. రోజూ బిందె చంకన పెట్టుకుని వచ్చి, తన ఇంటి గడప బయట నిలబడి, లోపలికి రావచ్చునా అని ఆమె మామను అడిగేది.

"మేం చెడ్డోళ్ళం కాదు. బియ్యమిచ్చినాం, జొరమొస్తే మందులిచ్చినాం. అయినా అది ఆమె ఇల్లు. ఏడు రోజులు అయిపోయినాయి కదప్పా అని ఒక్కనాడన్నా అనింటే బాగుండు. అనలే."

అంత చెప్పి, పెనం కింద చెరుకుపిప్పి ఎగదోయడానికి లేచి వెళ్ళాడు. ఆయన గడపల బయట ఎందుకు నిలబడతాడో నాకు ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత మా ఇంట్లో నేనెప్పుడూ ఆయనను వేళాకోళం చేయలేదు.

మరుసటి ఏడాది సిలోనులో సంధి కుదిరింది, ఉత్తరాలు పోతున్నాయి అని తెలిసి మామ ఆమెకు మన్నించమని జాబు రాశాడు. పటాలంలో నేర్చిన ఇంగ్లీషు అక్షరాలతో చిరునామా కూడా తానే రాసుకున్నాడు. రెండేళ్ళు ఎదురుచూశాడు. పోస్టుమాను సైకిలు గానుగ దాటిపోతే ఆ పూట ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదట. ఒకసారి నేనే అడిగాను, ఆమెకు తెలుగు ఎవరు చదివి పెడతారు మామా అని.

"తెలుగెందుకు రాస్తా? అరవంలోనే రాసినా."

"నీకు అరవం రాయను రాదు గదా."

"అచ్చరాలు మనవే. మాట అరవం."

నా ముఖం చూసే ఆయనకు తెలిసిపోయింది. "నా తెలివి తెల్లారినట్టే ఉండాది" అని ముందు తానే నవ్వాడు. తర్వాత చెరుకు మోపు మీద కూలబడి, రెండేళ్ళు అని ఒక్క మాట అన్నాడు.

మా బడిలో అరక్కోణం నుంచి వచ్చిన అరవం టీచరమ్మ ఉండేది. మామను తిరుపతికి పిలిపించి, ఆమె చేత రాయించడానికి కూర్చోబెట్టాను. మొదటి జాబులో నాలుగు పేజీలు నింపినవాడు పరాయి మనిషి ముందు కాఫీ చల్లారిపోయేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఏడు రోజులని చెప్పింది ఆఫీసర్లు కాదు, నేనే. తప్పయిపోయింది. అంతే రాయి తల్లీ" అన్నాడు. ఆమె అంతే రాసింది.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. కవరు విప్పకుండానే పట్టుకుని మొదటి బస్సుకు తిరుపతి వచ్చేశాడు. టీచరమ్మ చదివి చెప్పింది. రాసింది మనవరాలు, ఆమె మాటలివి: అవ్వ పోయిన ఏడాది కాలం చేసింది. మీ తర్వాత వేరే పటాలం వచ్చింది, ఇల్లు ఇప్పుడు వాళ్ళ కంచె లోపల ఉంది, రోడ్డు మీద నుంచి పైకప్పు మాత్రం కనబడుతుంది. మీ మొదటి ఉత్తరం కూడా అందింది, దాన్ని మా ఊళ్ళో ఎవరూ చదవలేకపోయారు. అవ్వ మాత్రం చూడగానే, మన వసారాలో కూర్చుని ఇంటికి జాబులు రాసుకునేవాడే, ఆ సిపాయి, ఇవి వాడి గుండ్రటి అక్షరాలు అన్నది. పోయేదాకా తలగడ కింద పెట్టుకుంది. అందులో ఏముంటుంది అని నేను అడిగితే, "అప్పుడొక మాట అన్నాడులే, దాని గురించే రాసుంటాడు" అనేది.

ఆ చివరి మాట ఇంకోసారి చదవమన్నాడు మామ. విని, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మన్నించినట్టా కాదా అని మమ్మల్ని అడగలేదు.

పోయిన బెల్లం కాలంలో నేను వెళ్ళినప్పుడు ఆయన చెరుకుపిప్పి కుప్పకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద ఆ మనవరాలి జాబు. మడతల దగ్గర చిరగడానికి వచ్చింది. తెలుగులో రాసిస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు అన్నాను.

"వద్దులే పాపా. ఇట్లనే ఉండనీ."

తనకు రాని ఆ అక్షరాల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి, వరుస చివరిదాకా వెళ్ళి, మళ్ళీ తర్వాతి వరుస మొదటికి వస్తున్నాడు.