యాదమ్మక్క దగ్గును నేను రికార్డ్ చేశాను

నిన్న పొద్దున యూనివర్సిటీకి బయల్దేరుతుంటే లక్ష్మి ఫోన్ చేసింది.

"మేడం, యాదమ్మ పోయింది."

ఎక్కడికి అని అడిగాను. పనికి అనుకున్నాను.

లక్ష్మి ఏడ్చాక గానీ అర్థం కాలేదు.

యాదమ్మక్క మీలో చాలామందికి తెలియదు. నేను సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నానని మాత్రం తెలుసు. ఎల్బీనగర్ అడ్డా మీద పొద్దున్నే కూలిపని కోసం నిలబడే ఆడవాళ్ల గురించే నా రీసెర్చ్. అక్కది నా మొదటి ఇంటర్వ్యూ. లక్ష్మి ఆమెతో పాటు పనికి పోయే మనిషి.

అక్క నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, కర్మన్‌ఘాట్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని, ఏళ్ల తరబడి ఇసుకా సిమెంటూ మోసింది.

మొదటిరోజు నేను ఫైల్ పట్టుకుని వెళితే ఎవరూ నోరు విప్పలేదు. సర్కారు మనిషిననుకున్నారు. యాదమ్మక్క ఆ ఫైల్ లాక్కుని తన సద్ది సంచిలో పెట్టేసుకుంది.

"గట్ల కాయితాలు పట్టుకొని నిలవడితె ఎవలు మాట్లాడుతరు బిడ్డా? ఇటు రా, నా పక్కన నిలవడు."

నిలబడ్డాను. కాసేపటికి ఒక మేస్త్రీ వచ్చి, వరసగా అందర్నీ చూసి, నా చేతులు కూడా చూసి, "గీమె వద్దు" అన్నాడు.

అడ్డా అంతా పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి అందరూ నాతో మాట్లాడారు.

థీసిస్‌లో పేర్లు మార్చాలి. రూల్. అది చెబితే అక్కకు కోపం వచ్చింది.

"నా పేరెందుకు మారుస్తవ్? నేనేమన్న దొంగతనం జేసిన్నా?"

ఇక్కడైతే ఆమె పేరే రాస్తున్నాను.

ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో నా హాస్టల్ గదికి వచ్చింది. మధ్యాహ్నం దాకా మాట్లాడింది. మధ్యమధ్యలో దగ్గేది. నీళ్లిచ్చేదాన్ని. తర్వాతి ప్రశ్న అడిగేదాన్ని.

ఆ రికార్డింగ్ విని టైప్ చేసేటప్పుడు దగ్గు వచ్చిన ప్రతిచోటా బ్రాకెట్‌లో 'దగ్గు' అని పెట్టాను. ఎంత జాగ్రత్తగా చేశావమ్మా అని మా గైడ్ మెచ్చుకున్నారు.

సంతోషపడ్డాను కూడా.

రెండు నెలల తర్వాత గానీ దవాఖానకు తీసుకెళ్లాలని తోచలేదు. డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఇంకా టెస్టులున్నాయి, రేపు, ఎల్లుండి కూడా రావాలన్నారు.

మర్నాడు అక్క రాలేదు. వెతుక్కుంటూ అడ్డాకి వెళితే అక్కడే నిలబడి ఉంది.

"రెండు దినాలు కనవడకపోతె మేస్త్రీ వేరేటోళ్లను తీస్కపోతడు బిడ్డా. దగ్గుతున్ననని తెలిస్తె అస్సలే పిలువడు. జర మెల్లగ మాట్లాడు."

మెల్లగా మాట్లాడాను.

అంతే చేశాను. ఆటో రాగానే ఎక్కి వెళ్లిపోయింది. చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. కానీ ఆపి ఆ రోజు కూలి పోగొడితే, మర్నాటి పని నేనిప్పించగలనా?

ఇలాంటి ఆడవాళ్లు వైద్యానికి ఎందుకు వెళ్లలేకపోతున్నారో నా థీసిస్‌లో ఒక పెద్ద చాప్టర్ ఉంది. అన్ని కారణాలూ రాశాను. ఒక్క మనిషిని రెండోసారి తీసుకెళ్లలేకపోయాను.

నిన్న కర్మన్‌ఘాట్ చేరేసరికి గదికి తాళం. అక్క కొడుకు అప్పటికే ఆమెను ఊరికి తీసుకెళ్లిపోయాడు. ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు పక్కన నిలబడి అతనికి ఫోన్ చేశాను.

"అంత అయిపోతున్నది మేడం. ఇప్పుడొచ్చి ఏం జేస్తరు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

బస్సు వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

నెలాఖరుకి ఆ చాప్టర్ ఇవ్వాలి. ఇస్తాను కూడా. అదే తట్టుకోలేకపోతున్నాను.

వెళ్లిరా యాదమ్మక్కా. నీ ప్రాణానికి ఇకనైనా నెమ్మది దొరకాలి.